వదులక్క పావురం

ఆ నాలుగు వీధుల్లో ఆమెను వదులక్క అంటారు. అసలు పేరు ఒకప్పుడు కొట్టు బోర్డు మీద ఉండేది గానీ, ఎండకూ వానకూ చెరిగిపోయి ‘టైలర్స్’ అన్న ముక్క ఒక్కటే మిగిలింది. ఈ పేరేమీ ఊరికే రాలేదు. స్కూలు యూనిఫారానికి ఎవరు గుడ్డ తెచ్చినా అంచు లోపల మూడు వేళ్ళ మడత వదిలి కుడుతుంది. పిల్లలు ఎదుగుతారు, తల్లులు విప్పుకుంటారు. ఇరవై రెండేళ్ళుగా ఇదే వరస. ఒకసారి డెబ్బై దాటిన పెద్దాయన ఒకరు కొత్త ప్యాంటు తిరగేసి చూసుకుంటే అందులోనూ మూడు వేళ్ళ మడత ఉంది. “నేనింకా ఎదుగుతానంటావా అమ్మా?” అని ఆయన అడిగితే, “ఏమో బాబాయ్, ఎవరు చెప్పొచ్చారు” అందట ఈవిడ.

ఇంకో అలవాటు కూడా ఉంది. కత్తెర పట్టేముందే అన్నీ చెప్పేస్తుంది. గుడ్డ చాలదు, రంగు దిగుతుంది, ఈ మోడలు మీకు నప్పదు, ఇలా మొహం మీదే. కోసిన గుడ్డ మళ్ళీ అతుక్కోదు కాబట్టి నోరు ముందే తెరవాలంటుంది. అది విని గుడ్డ చంకలో పెట్టుకుని వెళ్ళిపోయినవాళ్ళు చాలామందే ఉన్నారు. రెండో మిషను మీద కూర్చునే చెల్లెలు నెత్తీ నోరూ కొట్టుకునేది. “కుట్టిచ్చాక చెప్పొచ్చుగా అక్కా” అనేది. “కుట్టాక చెప్పేదాన్ని చెప్పడం అనరే” అనేది అక్క.

అలాంటి మనిషికి నలభై ఆరో ఏట చచ్చిన పక్షుల మీద మనసు పోయింది. నవ్వకండి, నిజంగానే పోయింది.

వాళ్ళ వీధి చివర జంతువుల మ్యూజియం ఉంది. గాజు పెట్టెల వెనక తెరలు కుట్టమని ఆమెను పిలిచారు. కొలతలు తీసుకుంటూ వెనక గదిలోకి వెళ్ళేసరికి మాస్టారు నక్క పొట్ట కుడుతున్నాడు. చచ్చిన జంతువు తోలు ఒలిచి, లోపల కొత్త ఒళ్ళు పెట్టి, బతికున్నట్టు నిలబెట్టడం ఆయన పని. ముప్ఫై ఏళ్ళుగా అదే గది, అదే బల్ల. అందరూ మాస్టారనే పిలుస్తారు. వదులక్క కాసేపు చూసి, ఉండబట్టలేక, “కుట్టు పైకి కనిపిస్తోంది మాస్టారూ” అనేసింది. ఆయన కళ్ళద్దాల మీదుగా చూసి, సూది ఆమె చేతికిచ్చాడు. ఆమె దారం లోపల్నుంచి లాగుతూ పొట్టంతా మూసేసింది. బొచ్చు దువ్వాక కుట్టు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది.

“ఈ చెయ్యి ఇక్కడ ఉండాల్సింది” అన్నాడు మాస్టారు.

ఆ ఒక్క మాట ఆమెను పట్టుకుంది. ఇరవై రెండేళ్ళలో వదులుగా ఉంది, బిగుతుగా ఉంది, ఎప్పుడిస్తావు అన్నవాళ్ళే తప్ప, చెయ్యి గురించి మాట్లాడినవాళ్ళు లేరు. ఇంట్లో మొగుడు మంచివాడే, బస్సు డ్రైవరు. ఆయన మాటలన్నీ హారన్‌కే ఖర్చయిపోతాయని చెల్లెలు వెక్కిరిస్తుంది. కాబట్టి వదులక్క ప్రతి శనివారం మధ్యాహ్నం మ్యూజియం వెనక గదిలో స్టూలు వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. ఆరునెలలు చూసింది. తీగ ఎలా వంచాలో, గాజు కన్ను ఎంత లోతున పెట్టాలో, ఈకలు ఏ వైపు దువ్వాలో చూసింది. ఆమె వెళ్ళేసరికి ఒలవడం అదీ అయిపోయి, తోలూ కొత్త ఒళ్ళూ బల్ల మీద సిద్ధంగా ఉండేవి. ఆ ముందు జరిగే పని ఏమిటో ఆమె ఎప్పుడూ చూడలేదు.

ఆ శనివారాల్లోనే తన గురించి కూడా చెప్పుకుంది. వదులక్క అనే పేరు, ముసలాయన ప్యాంటు కథ, అన్నీ. నిజానికి ఆ పేరంటే ఆమెకు కొంచెం చిన్నతనం. పేరు పెట్టిన వీధిలో నవ్వుకుంటే సరే, బయటివాళ్ళ ముందు ఎవరైనా అంటే ముఖం ముడుచుకుంటుంది. అదీ మాస్టారికి చెప్పింది.

వేసవి మొదట్లో మాస్టారు తలుపు దగ్గరగా వేసి చెప్పాడు. “నాకు పదవీ విరమణ దగ్గరకొచ్చింది. మ్యూజియం మేడం ఎవరికైనా పని నేర్పమంటోంది. నీ పేరు చెప్పాను. ఒక పక్షిని నీ చేత్తో చెయ్యి. కమిటీ వాళ్ళొచ్చి చూస్తారు. బాగుంటే ఈ బల్ల నీదే.”

ఆ రోజు ఆమె ఇంటికి నడిచి వెళ్ళిందంటే నేను నమ్మను, గాల్లో తేలుతూ వెళ్ళుంటుంది. కొట్టు చెల్లెలికి అప్పగిస్తానంది. ముందు కుర్చీలో చెల్లెల్నే కూర్చోబెట్టింది. వచ్చినవాళ్ళందరికీ, “వచ్చే నెల్నుంచి మా చెల్లెలే చూసుకుంటుంది, నేను మ్యూజియంలో ఉంటాను” అని చెప్పుకుంది. మొగుడు కూడా నోరు విప్పి, “చేతులు బాగా కడుక్కుని వడ్డించు” అన్నాడు. ఆయన లెక్కలో అది ఆశీర్వాదం.

పావురం మ్యూజియం కిటికీ అద్దానికే గుద్దుకుని చచ్చిపోయింది. ఫ్రీజరులోంచి తీసి మంచు కరిగాక బల్ల మీద పెట్టారు. మొదటిరోజు ఒలవడం. ఈకలు చెరో పక్కకు దువ్వి, రొమ్ము మీదుగా కిందికి ఒక గీత కోయించాడు మాస్టారు. పావురం తోలు ఎంత పల్చనంటే గట్టిగా కసిరితే చిరిగేలా ఉంటుంది. వదులక్క ఊపిరి బిగపట్టి, వేలిగోటితో కొంచెం, మొద్దు చాకుతో కొంచెం, తడి పీల్చే పొడి చల్లుకుంటూ ఒలిచింది. కాళ్ళు మోకాళ్ళ దగ్గర, రెక్కలు మోచేతుల దగ్గర తెంపి, మేజోడు తిరగేసినట్టు తల దాకా తోలు తిరగేసింది. ఒక్క చిరుగు లేదు. సాయంత్రానికి తల ప్రాణం తోకకొచ్చింది గానీ ముఖం వెలిగిపోతోంది.

“చూశావా, ఈ తోలే మన పక్షి. లోపలిదంతా చెత్త” అన్నాడు మాస్టారు.

రెండోరోజు పొద్దున వచ్చేసరికి పళ్ళెంలో ఉన్న ఆ లోపలిది వాసన కొడుతోంది. ఆమె దాన్ని కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేసి, బల్ల ఫినాయిలుతో తుడిచింది. మాస్టారు తన కుర్చీలోంచి అదంతా చూస్తూనే ఉన్నాడు. “శుభ్రత తెలిసిన మనిషివి” అన్నాడు. ఆమె మురిసిపోయి, బుట్ట కూడా బయట ఒంపి వచ్చింది.

తర్వాత తోలును సబ్బునీళ్ళతో కడిగి, జుట్టు ఆరబెట్టే మిషనుతో ఈకలు విడివిడిగా ఆరబెట్టి, లోపల మందు పొడి రుద్దింది. ఇక ఒళ్ళు తయారు చెయ్యాలి. ఎంత ఒళ్ళు? మెడలోని టేపు తీసి, తోలును బల్ల మీద పరిచి కొలిచింది. మెడ ఇంత, వీపు ఇంత, రొమ్ము చుట్టు ఇంత. చెక్కపీచు ముద్ద చేసి దారం చుట్టి చుట్టి, ఆ కొలతకు ఒళ్ళు కట్టింది. కట్టేటప్పుడు రొమ్ము దగ్గర వేలెడు తగ్గించింది. తోలు బిగుసుకుని పిగిలిపోతే ఎలా? ఆ వేలెడు వదులు వదలకుండా ఆమె చెయ్యి ఊరుకోదు. మాస్టారు రెండుసార్లు లేచి వచ్చి భుజం మీదుగా చూశాడు. రెండుసార్లూ “బాగా వస్తోంది” అన్నాడు.

నాలుగోరోజు నారింజరంగు గాజు కళ్ళు పెట్టి, రొమ్ము మూసి, కనబడని కుట్టు వేసి, దారం తెంపింది. మాస్టారు పావురాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తిప్పి చూసి, “సరిపోయింది” అన్నాడు.

దర్జీకి ఇంతకన్నా పెద్ద మాట లేదు. అద్దం ముందు నిలబడి, చేతులెత్తి, వెనక్కి తిరిగి చూసుకుని, మనిషి ఆ మాట అనేదాకా వదులక్క ఊపిరి పూర్తిగా వదలదు. ఆ రోజు వదిలింది.

నిజం చెప్పాలంటే, ఆ మెడ దగ్గర ఏదో తేడా ఆమె కంటికీ తగిలింది. ఇంటికొచ్చి ఫోనులో ఫొటో చూపిస్తే చెల్లెలు తల వంచి చూసి, “అక్కా, దీని మెడ బాతు మెడలా లేదూ?” అంది.

“నీకేం తెలుసే. ముప్ఫై ఏళ్ళ చెయ్యి ఆయనది. సరిపోయిందన్నాడు.”

“రొమ్ము కింద మడతలేంటి మరి?”

“ఆరితే సర్దుకుంటుంది. నువ్వు కాజాలు తీసుకో ముందు.”

చెల్లెలి నోరు మూయించింది. తన కంటి నోరూ మూయించింది. ఈ రెండో సంగతే తర్వాత ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

పదిహేను రోజులు ఆరాక కమిటీ వచ్చింది. మ్యూజియం నడిపే మేడం, ఇద్దరు సభ్యులు, మాస్టారు. వదులక్క కొత్త చీర కట్టుకుని గోడవారగా నిలబడింది. బల్ల మీద పావురం. ఆరాక సర్దుకోలేదు సరికదా, ఉన్న తేడా నాలుగింతలైంది. మెడ నిలువుగా సాగి ఉంది. రొమ్ము తోలు కిందికి జారి ముడతలు పడింది. ఈకల వరసల మధ్య సందుల్లోంచి తోలు కనిపిస్తోంది. అయినా ఆమెకు ధైర్యమే. సరిపోయిందన్న మనిషి పక్కనే ఉన్నాడు కదా.

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. కర్ర పుల్లతో మెడ చూపించాడు.

“ఇక్కడ చూడండి. పావురం మెడ ఇంతుండదు. తడి తోలు సాగుతుంది. సాగిన తోలు కొలిచి ఒళ్ళు కట్టింది. కొలవాల్సింది ఒలిచాక లోపల మిగిలే ఒళ్ళుని. అది పారెయ్యక ముందు కొలిచి రాసుకోవాలి. మా పనిలో ఇది మొదటి అక్షరం. ఇక రొమ్ము.” పుల్ల కిందికి దించాడు. “ఈమెను వీధిలో వదులక్క అంటారు. ఎదిగే పిల్లలకి కుట్టినట్టు దీనికీ వదులు వదిలింది. ఇది ఇంక ఎదగదు గదమ్మా.”

సభ్యులిద్దరూ పడి పడి నవ్వారు. ఒకాయన, “పాపం, పక్కవాడి చొక్కా తొడుక్కున్నట్టుంది” అన్నాడు. మాస్టారు కూడా నవ్వాడు.

విమర్శ తప్పని ఎవరన్నారు? ప్రతి ముక్కా నిజమే. ఆ నిజం వింటూండగానే వదులక్కకు తన తప్పు అద్దంలోలా కనిపించింది. ఇరవై రెండేళ్ళుగా మనిషిని కొలిచి గుడ్డ కోసిన తను, ఒక్కసారి మనిషిని చెత్తబుట్టలో పడేసి గుడ్డను కొలిచింది. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. అంతవరకైతే తట్టుకునేదే. తప్పు చూపిస్తే ఏడ్చే రకం కాదు ఆమె, విప్పి కుట్టే రకం.

అప్పుడు మేడం కాగితాలు తిరగేస్తూ, “పోయిన నెల మీరు రాసినప్పుడు నేను నమ్మలేదు మాస్టారూ. నేర్పి చూశాను, ఎవరికీ పట్టుబడటం లేదు అని రాశారు. ఇప్పుడు కళ్ళారా చూశాను. మీకు ఇంకో రెండేళ్ళు పొడిగించమని పైకి పంపిస్తాను” అంది.

పోయిన నెల. వదులక్క మనసులో వెనక్కి లెక్కపెట్టుకుంది. పోయిన నెలకి ఆ పావురం ఇంకా కిటికీ బయట ఎగురుతోంది.

 ఆమె గోడ వదిలి ఒక అడుగు ముందుకేసి, మెల్లగానే అడిగింది.

“మాస్టారూ, నా తప్పు మీకు ఎన్నో రోజున కనిపించింది?”

ఆయన తప్పించుకోవచ్చు. ఆరాకే కనిపించిందనొచ్చు. కానీ ముప్ఫై ఏళ్ళ పనివాడి గర్వం ఉందే, అది మనిషిని అబద్ధం కూడా ఆడనివ్వదు.

“రెండోరోజే. నువ్వు ఒళ్ళు బుట్టలో పడేసినప్పుడే. ఈ కన్నుకి ఆ మాత్రం తెలియదా?” అన్నాడు.

“మాస్టారి కన్నంటే కన్నే” అన్నాడు ఇందాక చొక్కా మాట అన్న సభ్యుడు. మేడం ఒక్కసారి తలెత్తి మాస్టారిని చూసింది. ఏదో అనబోయినట్టే అనిపించింది. మళ్ళీ కాగితాల్లోకి తల దించుకుని సంతకం పెట్టింది.

వదులక్క బల్ల మీదున్న తన టేపు తీసి మెడలో వేసుకుని బయటికి వచ్చేసింది. పావురాన్ని విద్యార్థులకు చూపించే బీరువాలో పెట్టారనీ, కింద ‘కొలతలో పొరపాటు’ అని అట్టముక్క అంటించారనీ, తెరలు ఉతికే ఆవిడ తర్వాత చెప్పింది.

ఇంట్లో ఎవరూ ఆమెను ఏమీ అనలేదు. మొగుడు ఆ పూట తనే వడ్డించుకుని, ఆమెకూ వడ్డించాడు. చెల్లెలు మర్నాడు ముందు కుర్చీలోంచి లేచి తన పాత మిషను దగ్గర కూర్చుంది. వీధిలో వాళ్ళు మాత్రం ఊరుకుంటారా? మ్యూజియం ఉద్యోగం ఏమైందక్కా అని రోజుకు నలుగురు. “నాకు రాలేదు” అనేది.  బాధ రానందుకు కాదు. నాలుగు రోజులు పక్కనే కూర్చుని తను గోతిలోకి నడుస్తుంటే చూస్తూ, అడుగడుక్కీ బాగుంది బాగుంది అన్నాడే, అది మింగుడు పడటం లేదు. ఆయనకు కావాల్సింది పని నేర్చుకునే మనిషి కాదు, పని రాని మనిషి. చెయ్యి మెచ్చుకుని మరీ ఎంచుకున్నాడు.

ఇంకో పాడు కూడా జరిగింది. ఆమెకు ఆ మాట మీద నమ్మకం పోయింది. జాకెట్టు తొడుక్కుని చూసుకున్న వాళ్ళు సరిపోయిందంటే, “నిజంగా సరిపోయిందా?” అని అడిగేది. అవునంటే, “నా ముందు మొహమాటపడకండి” అనేది. చేతులెత్తమనేది, వంగమనేది, మళ్ళీ అడిగేది. జనం విసుక్కున్నారు. “నీకేమయిందక్కా, అతికినట్టు సరిపోతేనూ” అని ఒకావిడ కోప్పడి వెళ్ళిపోయింది.

పది రోజులు గడిచాక ఒక పొద్దున మాస్టారు కొట్టుకొచ్చాడు. చేతిలో నల్ల కోటు.

చెల్లెలు పళ్ళు బిగించి, “వెళ్ళమను” అంది, వినబడేటట్టే. వదులక్క చేత్తో ఆగమని సైగ చేసింది.

“ముప్ఫై ఏళ్ళ సర్వీసుకని మ్యూజియం వాళ్ళు చిన్న సన్మానం పెట్టుకున్నారు. ఇది పదిహేనేళ్ళ కిందటిది. వదులైపోయింది. కొంచెం లోపలికి పట్టాలి” అన్నాడు ఆయన, కుర్చీ కోసం చూస్తూ. ఎవరూ కుర్చీ వెయ్యలేదు.

వదులక్క లేచి టేపు తీసింది. కోటు బల్ల మీద పెట్టి, ఆయన్ని కొలిచింది. భుజాలు, ఛాతీ, చేతులు. ఆయన చిక్కిపోయాడు, ఎముకలు టేపుకు తగులుతున్నాయి. తర్వాత కోటు తిరగేసి, అస్తరు పక్కకు తప్పించి, భుజం కుట్టు దగ్గర గుడ్డను వెలుతురుకు పట్టుకుని చూసింది. మాస్టారు ఆమె వేళ్ళనే చూస్తున్నాడు. ఆ చూపు శనివారాల్లో చూసినట్టే ఉంది.

ఆ నిమిషంలో ఆమె ఏమైనా చెయ్యొచ్చు. అలాగే మాస్టారూ అని తీసుకుని, విప్పి, పాడు చేసి, సరిపోయింది అని తొడిగి, నలుగురి ముందుకు పంపించొచ్చు. ఆ ఆలోచన రాలేదని నేనంటే మీరు నమ్మకండి. వచ్చింది, కాసేపు కూర్చుని కూడా వెళ్ళింది.

“భుజాలు విప్పితే గానీ లోపలికి పట్టడం కుదరదు. విప్పితే ఈ గుడ్డ నిలవదు, దారం దగ్గరే నలిగిపోయి ఉంది. కత్తెర పెట్టకముందే చెప్తున్నాను” అంది.

“ఎలాగోలా నువ్వే చెయ్యమ్మాయ్. నీ చేతి మీద నాకు నమ్మకం.”

“నాకూ మీ మాట మీద ఉండేది మాస్టారూ.”

ఆయన కళ్ళద్దాలు తీసి చొక్కా కొసతో తుడిచాడు. 

“నాకు ఇంట్లో ఎవరూ లేరు” అన్నాడు. “ఆ గది లేకపోతే పొద్దున లేచి ఎక్కడికెళ్ళాలో తెలీదు. రెండేళ్ళు ఓపిక పట్టు. ఆ తర్వాత బల్ల నీదే. ఈసారి కొలతల దగ్గర్నుంచి నేర్పిస్తాను.”

“ఆ మాటే మొదట చెప్పుంటే, రెండేళ్ళేంటి, నాలుగేళ్ళు ఆగేదాన్ని. మీ పక్కన స్టూలు చాలేది నాకు. నన్ను మోసం చేశారు మాస్టారూ. మీరు నవ్వించినందుకు కాదు, నాలుగు రోజులు నోరు మూసుకున్నందుకు.”

ఆమె కోటు మడత పెట్టింది. చేతులు లోపలికి, కాలరు పైకి, కొత్తబట్టకు పెట్టినంత పొందిగ్గా. ఆయన చేతికిచ్చింది. ఆయన చెల్లెలి ముఖం ఒకసారి చూసి, మెట్లు దిగాడు.

వీధి మలుపు తిరిగేదాకా ఆగి చెల్లెలు చప్పట్లు కొట్టినంత పని చేసింది. “బాగా బుద్ధి చెప్పావక్కా. కుట్టగలిగి ఉండి కూడా కుదరదన్నావు చూడు.”

వదులక్క మిషను ముందు కూర్చుంది. ఆ పూట ఇవ్వాల్సిన యూనిఫారం చేతిలోకి తీసుకుని, అంచు మూడు వేళ్ళు మడిచింది.

“అబద్ధం చెప్పలేదే” అంది. “ఆ గుడ్డ నిజంగానే నిలవదు.”